నజ్మాలో శుక్రవారాలు

మేం దోహాలోని నజ్మాలో ఉన్న రోజుల్లో విమానాశ్రయం ఇంకా పాత చోటే ఉండేది. దిగే విమానాలు మేడ మీద ఆరేసిన బట్టల్ని రాసుకుంటూ పోతున్నాయా అనిపించేది. చెబుతున్న మాట ఆపి, ఆ మోత తగ్గాక మళ్లీ అందుకోవడం మా వీధిలో అందరికీ అలవాటే. దగ్గర్లోనే సూక్ అల్ హరాజ్. ఇల్లు ఖాళీ చేసి స్వదేశం వెళ్లిపోయేవాళ్ల సోఫాలు, ఫ్రిజ్‌లు, మంచాలు అక్కడికి చేరేవి. కొత్తగా దిగినవాళ్లు వాటినే కొనుక్కునేవాళ్లు. నేను చదువుకునే బల్ల అలా వచ్చిందే. దాని సొరుగు లోపల ఎవరో పిల్లవాడు పెన్నుతో చెక్కినట్టు రాసుకున్న మలయాళం అక్షరాలుండేవి.

నాన్న ఒక కంపెనీలో స్టోర్‌కీపరు. కోనసీమ నుంచి, కడప నుంచి, నిజామాబాద్ నుంచి వచ్చిన తెలుగువాళ్లు చుట్టుపక్కల చాలామందే ఉన్నా, పెళ్లాం పిల్లలతో కాపురమున్న ఇళ్లు తక్కువ. మిగతావాళ్లు ఒక్కో గదిలో ఆరుగురూ ఎనమండుగురూ, రెండంతస్తుల ఇనప మంచాల మీద. అందుకే ప్రార్థన కూడిక మా హాల్లో పెట్టేవాళ్లు. ఆదివారం ఆరాధన అనేది పాలకొల్లులో నాయనమ్మకు. మాకు సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన కూడా శుక్రవారమే.

జుమ్మా నమాజు ముగిసి వీధి పలచబడ్డాక ఒక్కొక్కరే వచ్చేవాళ్లు. సోఫా గోడకు నిలబెట్టి చాపలు పరిచేవాళ్లం. చెప్పులు మెట్ల దాకా ఉండేవి. పాట బయటికి వినబడకుండా కిటికీలు మూసి, ఏసీ వేసేవాళ్లం. ఆ ఏసీ హోరులో గొంతు పెంచక తప్పేది కాదు. డోలక్ లేదు. ఒకాయన ఖాళీ సూట్‌కేసు ఒళ్లో పెట్టుకుని వాయించేవాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాలు రెండో మూడో ఉండేవి గానీ, పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలకు వాళ్లెవరికీ పుస్తకం అక్కర్లేదు. వంటింట్లో కోడికూర ఉడుకుతుండేది. వారమంతా మెస్సులో తిన్నవాళ్లకు ఆ వాసన కూడా ఆరాధనలో భాగమే అనుకుంటాను.

వాక్యం అయ్యాక ప్రార్థన అవసరతలు చెప్పుకునేవాళ్లు. నాకు ఇప్పటికీ బాగా గుర్తున్నవి అవే. మూడు నెలల జీతం ఆగిపోయిందని ఒకరు. ఏజెంటుకు తెచ్చిన అప్పు మీద వడ్డీ పెరుగుతోందని ఒకరు. అమ్మకు బాగోలేదు, కఫీల్ ఎగ్జిట్ పర్మిట్ మీద సంతకం పెట్టడం లేదని ఇంకొకరు. అప్పట్లో కఫీల్, అంటే యజమాని, ఒప్పుకోకుండా కార్మికుడు ఖతార్ దాటి వెళ్లడానికి లేదు. చాలామందికి ఆ నిబంధన తొలగింది 2018లో. ఇళ్లలో పనిచేసేవాళ్లకు 2020 దాకా తొలగలేదు. పాస్టరు గారేమో పాపం నుంచి రక్షణ గురించి చెప్పేవారు. ఈయన చెప్పే రక్షణ వేరు, వీళ్లు అడిగేది వేరు కదా అని పదేళ్ల వయసులోనే నాకు తట్టింది. ఎవరినీ అడగలేదు.

2006 డిసెంబరులో దోహాలో ఆసియా క్రీడలు జరిగాయి. ఊరంతా దీపాలు. క్రిస్మస్ ఆ ఏడు సోమవారం పడింది. అక్కడ అది పనిదినం కాబట్టి ముందు శుక్రవారమే పండగ చేసుకున్నాం. పిల్లలం క్రీస్తు జననం నాటకం వేశాం. నాది జనాభా లెక్కలు రాసే రోమా గుమాస్తా వేషం. నాన్న స్టోరు నుంచి తెచ్చిన కార్బన్ పుస్తకం చేతిలో పట్టుకుని, "పేరేంటి? ఏ ఊరు?" అని యోసేపును అడగాలి, అంతే. వెనక నుంచి ఎవరో "అకామా కూడా అడగరా!" అన్నారు. అకామా అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతి కార్డు. నేను నిజంగానే అడిగేశాను. హాలు గొల్లుమంది. యోసేపు వేసిన పిల్లాడికి ఏం చెప్పాలో తెలియక జేబులు తడుముకున్నాడు. దాంతో మళ్లీ నవ్వులు. గర్భిణిని వెంటబెట్టుకుని, కాగితాల కోసం, చోటు దొరకని ఊరికి పోయిన మనిషి కథ వాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అడిగాను: "దేవుడు పైనుంచే క్షమించేయొచ్చు కదా, పుట్టడం ఎందుకు?"

పాస్టరు గారు ఓపిగ్గా చెప్పారు. మనిషి పడ్డ బాకీ మనిషే తీర్చాలి. తీర్చే స్తోమత దేవుడికే ఉంది. అందుకని దేవుడే మనిషై వచ్చి సిలువ మీద తీర్చాడు. పదకొండో శతాబ్దం చివర్లో అన్సెల్మ్ అనే మఠవాసి రాసిన వాదం ఇదేనని చాలా ఏళ్లకు తెలిసింది. వింటున్నవాళ్లు తలలూపారు. వడ్డీ కట్టేవాళ్లకు బాకీ లెక్క తొందరగా అర్థమవుతుంది.

నా పక్కన రాజోలు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు. ఊళ్లో సంఘ పెద్ద, ఇక్కడ నీళ్ల ట్యాంకరు డ్రైవరు. చెయ్యి కడుక్కుని వచ్చి నాతో మెల్లగా అన్నాడు: "మా చిన్నది పుట్టినప్పుడు నేనిక్కడే ఉన్నాను నాన్నా. నెల నెలా డబ్బు పంపాను, ఫోనులో ముద్దులు పెట్టాను. కొన్నేళ్లకు ఊరెళ్తే నన్ను చూసి మంచం కింద దూరింది. పంపడం వేరు, వెళ్లడం వేరు. ప్రవక్తలతో కబుర్లు పంపి పంపి, ఇక లాభం లేదని ఆయనే వెళ్లాడు."

పాస్టరు గారికి వినబడింది. "సిలువ సంగతి వదిలేశారు" అన్నారు నవ్వుతూ. "వెళ్లినవాడికి అది తప్పలేదు అయ్యగారూ" అన్నాడాయన.

2008 మార్చిలో మెసైమీర్‌లో రోజరీ మాత కాథలిక్ దేవాలయం ప్రతిష్ఠ జరిగింది. ఆ స్థలం అప్పటి అమీర్ షేక్ హమద్ ఇచ్చింది. బయటికి సిలువ కనబడదు, గంట మోగదు. అయినా ఇస్లాం వచ్చాక ఖతార్‌లో కట్టిన మొదటి చర్చి అదేనని పత్రికలన్నీ రాశాయి. ఆ ఆవరణలోనే మిగతా సంఘాలకూ చోటు దొరికింది. గేటు దగ్గర తనిఖీ, లోపల భాషకో వేళ. మా కూడికా అక్కడికి మారింది. కిటికీలు మూయకుండా పాడుకోవడం పెద్దవాళ్లకు పండగే. మా హాల్లో సోఫా మళ్లీ నేల మీదికి దిగింది. నేనైతే కోడికూర పోయిందని ఏడ్చాను.

తర్వాత హైదరాబాదులో చదువుకుంటుండగా ఈసాకు అనే సిరియాక్ సన్యాసి గురించి చదివాను. ఏడో శతాబ్దం మనిషి. పుట్టింది బేత్ ఖత్రాయేలో, అంటే ఇప్పటి ఖతార్, బహ్రెయిన్, సౌదీ తూర్పు తీరం కలిసిన సీమలో. అప్పుడక్కడ బిషప్పులున్నారు, మఠాలున్నాయి. ఆయన్ను నీనెవెకు బిషప్పును చేస్తే, కొద్ది నెలలకే ఆ పదవి వదిలి కొండల్లోకి వెళ్లిపోయాడు. ఆయన రాతల్లో ఒక భాగం పోయిందనే అనుకున్నారు. 1983లో సెబాస్టియన్ బ్రాక్ అనే పండితుడు దాన్ని ఆక్స్‌ఫర్డ్ గ్రంథాలయంలో గుర్తించాడు. దేవుడు లోకానికి వచ్చింది, మరణించింది తన ప్రేమ ఎంతటిదో మనకు తెలియజేయడానికేనని, పాపాలు తీర్చడమొక్కటే పనైతే దానికి వేరే దారులున్నాయని ఈసాకు అందులో వాదిస్తాడు. 2024లో పోప్ ఫ్రాన్సిస్ ఆయన పేరును రోమా పునీతుల పట్టికలో చేర్చారు.

అది చదివి ట్యాంకరు పెద్దాయన ఈసాకును చదివాడేమో అని నవ్వుకున్నాను. చదివి ఉండడు. ఇల్లు విడిచి, అదే తీరంలో బతికినవాడు తన దారిన తాను ఆ సంగతి దగ్గరికి చేరుకున్నాడు. అన్సెల్మ్ తప్పని నేననను. బాకీ తీరాలి, అది లేకుండా ఎవరికీ నిద్ర పట్టదు. కానీ అప్పులన్నీ తీర్చేసి కూడా ఎగ్జిట్ పర్మిట్ కోసం ప్రార్థన చేయమని అడిగినవాళ్లను మా హాల్లో చూశాను. వాళ్లకు రక్షణంటే బాకీ లేకపోవడం ఒక్కటే కాదు, తమవాళ్ల మధ్య ఉండటం కూడా. పాస్టరు గారు చెప్పినదీ వాళ్లు అడిగినదీ వేర్వేరని పదేళ్లప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.