బీడీ ముట్టని నాయనమ్మ

గీదంలో మా నాయనమ్మ నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదింది. బీడీ ముట్టి ఎరగదు. ఇప్పుడు బస్టాండు దాకా నడవాలంటే రెండుచోట్ల ఆగుతుంది. ఆరేళ్లుగా ఆమె మందుల చీటీ మీద ‘ఆస్తమా’ అనే ఉంది. పరీక్ష చేసి చూసినవాళ్లు లేరు.

అశోక్‌నగర్ గదిలో సీఓపీడీ మీద నోట్స్ రాస్తుంటే ఆ చీటీ గుర్తొచ్చింది. ప్రిలిమ్స్ వరకు ఇది చాలు: మందు పీల్పించాక స్పైరోమీటర్‌లో ఊదిస్తారు. మొదటి సెకనులో వచ్చిన గాలిని మొత్తం ఊదిన గాలితో భాగిస్తే 0.70 కన్నా తగ్గకూడదు. ఆస్తమాలో మందుతో గాలిగొట్టాలు చాలావరకు తెరుచుకుంటాయి, సీఓపీడీలో పూర్తిగా తెరుచుకోవు. మన బీటెక్ వాళ్లకు ఇది పైపులో ప్రవాహం లెక్కే.

మెయిన్స్‌కి అసలు సరుకు వేరే ఉంది. పొగతాగనివాళ్లలో సీఓపీడీ గురించి 2009లో సుందీప్ సాల్వి, పీటర్ బార్న్స్ లాన్సెట్‌లో రాశారు. పొగాకు తాగేవాళ్లు దాదాపు 100 కోట్లయితే, కట్టెలు, పిడకల పొగ పీల్చేవాళ్లు 300 కోట్లన్నారు. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం మన దేశంలో రోగులు 1990లో 2.81 కోట్లు, 2016లో 5.53 కోట్లు. ఈ జబ్బు భారంలో 53.7 శాతం వాయు కాలుష్యం వల్ల, 25.4 శాతం పొగాకు వల్ల.

ఉజ్వల 2016 మే 1న మొదలైందని అందరం రాస్తాం. రీఫిల్ సంగతి ఎందరం రాస్తాం? మా ఇంట్లోనూ సిలిండర్ ఉంది, టీకి మాత్రమే. కట్టె అడవిలో ఊరికే దొరుకుతుంది మరి.

పోయిన నెల నాయనమ్మను జగదల్‌పుర్ తీసుకెళ్లాను. గట్టిగా ఊదమంటే మొదట పొయ్యి ఊదినట్టే మెల్లగా ఊదింది. మూడోసారికి కుదిరింది. 0.58.