మోత్కూరులో ఒక్క పాయింటు గెలుపు

హైదరాబాదు నుంచి వరంగల్లు పోయే పెద్దరోడ్డు మీద, భువనగిరి కొండ దాటిన కాసేపటికి రాయగిరి వస్తుంది. అక్కడ భక్తులంతా ఎడమచేతికి తిరిగి యాదగిరిగుట్ట నరసింహస్వామి దర్శనానికి వెళ్ళిపోతారు. కుడిచేతికి ఇంకో దారి ఉన్నదన్న సంగతి చాలామంది గమనించరు. ఆ దారిన పోయేవారికి స్వామి దర్శనం కాదు గాని, ఆత్మకూరు మీదుగా మోత్కూరు దర్శనమవుతుంది.

ఎర్రటి చెలక నేలలు, వాటి నడుమ ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చి మరిచిపోయినట్లుండే రాతిగుండ్లు, గట్ల వెంట తాటిచెట్లు, నీళ్ళున్నచోట వరి, లేనిచోట పత్తి. ఈ ప్రాంతపు వాగు పేరు బిక్కేరు. వానలు వెలిసిన తరువాత వాగులో నీటికన్నా ఇసుకే ఎక్కువ కనబడుతుంది. మోత్కూరు ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరింది. 2018లో మునిసిపాలిటీ అయింది. ఇటు నార్కట్‌పల్లి వైపు, అటు తిరుమలగిరి వైపు పోయేవారు దిగి చాయ తాగి ఎక్కే కూడలి అది. చుట్టుపట్ల పల్లెల ధాన్యం, పత్తి, వాటితోపాటు కబుర్లు కూడా ఇక్కడికే చేరుతుంటాయి.

2022 జనవరిలో కరోనా మూలంగా సంక్రాంతి సెలవులను నెలాఖరు దాకా పొడిగించారు. మా కాలేజీ తలుపులు మూసి ఉన్నాయి. మోత్కూరు దగ్గరి పల్లె నుంచి మిత్రుడొకడు రమ్మంటే వెళ్ళాను. యాసంగిలో వరి వెయ్యాలా, వద్దా, వేస్తే కొనేదెవరు అని తెలంగాణమంతా తర్జనభర్జన పడుతున్న రోజులవి. పొద్దున్నే మోత్కూరు కూడలిలో చాయ హోటలు బల్లమీద కూర్చున్నప్పుడు ఆ గొడవే వినవలసి వస్తుందనుకున్నాను. తీరా చూస్తే అక్కడ జరుగుతున్నది కబడ్డీ విచారణ.

ముందురోజు రాత్రి తెలుగు టైటాన్స్ జట్టు జైపూర్ పింక్ పాంథర్స్ మీద గెలిచింది. ముప్పై అయిదు, ముప్పై నాలుగు. ఒక్కటంటే ఒక్క పాయింటు తేడా. ఆ ఏడు కరోనా వల్ల ప్రొ కబడ్డీ పోటీలన్నీ బెంగుళూరులోనే, ప్రేక్షకులు లేకుండా జరిగాయి. అంతదాకా మన జట్టుకు ఒక్క గెలుపూ లేదు. జట్టులో పేరున్న కూతగాడు సిద్ధార్థ్ దేశాయ్ దెబ్బ తగిలి మొదట్లోనే ఆటకు దూరమయ్యాడు. ఓడడం, మహా అయితే సమానంగా ముగించడం, ఇదే వరస. అటువంటి జట్టు గెలిచిన మర్నాడు అభిమానుల నోట పొగడ్తలు వింటామని ఎవరైనా అనుకుంటారు.

"గెలిసిండ్రు గని, గదొక గెలుపా?" అన్నాడొకాయన, ఖాళీ గ్లాసు ఠప్పున బల్లమీద పెట్టి.

"బోనస్ గీత ఆడ్నే ఉన్నది. ఎదురుంగ ఏడుగురు ఉన్నప్పుడు గీత దాటి కాలు పెట్టి రావద్దా? ఇంకో రెండు బోనస్‌లు తెచ్చుకుంటె ఆఖర్ల మన గుండె గట్ల కొట్టుకునేదా?" అన్నాడు ఆటో నడిపే కుర్రవాడు.

"ముందుగాల రెండు కూతలు ఉత్తగ పోయి ఉత్తగ వచ్చుడు. మూడోదానికి సచ్చుడో బతుకుడో అని దునుకుడు. గట్లయితే అవతలోడు కాసుకోని కూసోడా?" అన్నాడు మరొకడు.

కబడ్డీ సంగతి అంతగా పట్టించుకోని పాఠకులకు ఇక్కడ నాలుగు మాటలు చెప్పాలి. ఒక్కో పక్క ఏడుగురు. కూతకు వెళ్ళినవాడికి ముప్పై సెకన్ల గడువు. ఎవరినీ తాకకపోయినా దాటి తీరవలసిన గీత ఒకటుంది. దానికి అవతల మీటరు దూరాన బోనస్ గీత. ఎదటి జట్టులో ఆరుగురో, ఏడుగురో ఉన్నప్పుడు ఆ గీత దాటి కాలు మోపి వస్తే, ఎవరినీ తాకకుండానే ఒక పాయింటు. వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది చావోరేవో. పాయింటు తేవాలి, లేదా కూతకు వెళ్ళినవాడు బయటికి నడవాలి. అందుచేత ఎవరిని ఎప్పుడు పంపాలి, ఏ కూతలో తెగించాలి, ఏ కూతలో కాలం గడపాలి అన్నదే కబడ్డీలో సగం విద్య. ఆ సగం విద్యలో మనవాళ్ళకు పాసు మార్కులు కూడా రాలేదని ఆ హోటలు తీర్పు.

నేను ఉండబట్టలేక, "ఇన్నాళ్ళకు గెలిచారు కదండీ! ఒక్కపూటైనా సంతోషించకూడదా?" అన్నాను.

"సంతోషం రాత్రే అయిపాయె సారూ! మా గల్లీల పటాకులు గూడ కాల్చిండ్రు. ఇప్పుడు తెల్లారింది. లెక్క జూస్కోవాలె గద" అన్నాడాయన.

ఆ మాటకు మూలనున్న పెద్దాయన తల ఊపాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. ముతక పంచె, తలకు రుమాలు. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన కూతకు వచ్చాడంటే గీత దగ్గర నిలబడేందుకు జంకేవారని మిత్రుడు నా చెవిలో చెప్పాడు.

"మా కాలంల గడియారం ఏడిది? ఊపిరే గడియారం. ఊపిరి ఉన్నంతసేపు మీదికి పోవాలె. ఊకె నిలవడి వచ్చేదానికి కూతకు పోవుడెందుకు? ఇంట్ల కూసుంటె అయిపోదా?" అన్నాడు పెద్దాయన.

కూత అన్న మాట ఎంత చక్కనిదో చూడండి. మనవాళ్ళు ఆ దాడికి దాడి అని పేరు పెట్టలేదు. గొంతులోని శబ్దాన్నే పేరు చేశారు. శబ్దం ఆగితే మనిషి ఔటు. చెడుగుడు అన్న పేరూ అలా నోటి శబ్దంలోంచి పుట్టినదే. 1936లో అమరావతి వ్యాయామశాల వారు బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంలో ఈ ఆటను ప్రదర్శించి వచ్చారు. 1990లో ఆసియా క్రీడల్లో చేరింది. 2014లో ప్రొ కబడ్డీ మొదలై, మట్టిమీది ఆట రబ్బరు చాపమీదికి, చాపమీది నుంచి ప్రతి ఇంటి టీవీలోకి వచ్చింది. ఊపిరి చేసే పని గడియారం చేతికి పోయింది. గడియారం వచ్చినచోట కాలం గడిపే ఉపాయం కూడా వస్తుంది. పెద్దాయనకు నచ్చనిది ఆ ఉపాయమే.

అయితే ఆయన కోపం టైటాన్స్ మీద మాత్రమే కాదని కాసేపటికి తెలిసింది. పాలపాకెట్టు కోసం వచ్చిన ఇరవై ఏళ్ళ పిల్లవాడు గల్లాపెట్టె దగ్గర నిలబడి ఈ మాటలన్నీ వింటున్నాడు. అతను పెద్దాయన మనవడు. ఆ ఏడు కరోనా భయంతో పండక్కి పెద్ద పోటీలు పెట్టలేదు గాని, వాడలోని పిల్లలే రెండు జట్లయి కోత కోసిన మడిలో ఆడారు. ఆఖరి కూతకు వెళ్ళినవాడు ఈ మనవడు. అప్పటికి వీళ్ళ జట్టుదే ఒక్క పాయింటు పైచేయి. దాటవలసిన గీత దాటి, అక్కడే అటూ ఇటూ కదిలి, ముప్పై సెకన్లూ గడిపి వచ్చేశాడు. జట్టు గెలిచింది. తోటివాళ్ళు భుజాల మీద ఎత్తుకున్నారు. తాత మాత్రం మాట్లాడలేదు. అప్పటి నుంచి మాట్లాడడమే లేదట.

పిల్లవాడు ఇటు తిరిగి, "గెలిసినం గదనే తాతా!" అన్నాడు.

తాత పలకలేదు.

"పోలీసు నోటిఫికేషన్ నేడో రేపో పడుతదంటున్నరు. కాలు ఇరిగితె నా తరపున నువ్వు ఉర్కుతవా?"

హోటలంతా నవ్వింది. నిజానికి అది నవ్వులాట మాట కాదు. కానిస్టేబులు ఉద్యోగానికి పరుగు పందెం, దూకుడు పరీక్షలు నెగ్గాలి. నీళ్ళ మీద నమ్మకం లేని నేలల్లో ఎందరో పిల్లలకు ఆ ఉద్యోగం వరి, పత్తి రెండింటికన్నా నమ్మకమైన పంట. తెల్లవారుజామున రోడ్ల వెంట పరుగెత్తే కుర్రాళ్ళను ఆ ప్రాంతంలో ఎవరైనా చూడవచ్చు. వాళ్ళ మోకాలు ఖరీదు ఇంటిల్లిపాదికీ తెలుసు.

పెద్దాయన మనవడి ముఖం కాక కాళ్ళవైపు చూశాడు. "ఏమైంది మోకాలుకు?"

"ఏంగాలే. జర వాసింది."

"ఎప్పుడు?"

"అంతకు ముందటి కూతల. కిందవడ్డ గద."

"నాకు చెప్పవైతివి. కూసో ఇట్ల."

పిల్లవాడు బల్లమీద కూర్చున్నాడు. తాత కింద గొంతుక్కూర్చుని, లాగు పైకి మడిచి, బొటనవేలితో మోకాటి చిప్ప చుట్టూ నొక్కి చూశాడు. ఒకచోట పిల్లవాడు పళ్ళు బిగించాడు. ముసలాయన ఆ చోటనే అరచెయ్యి ఆనించి, తల ఎత్తి, హోటలులో ఉన్నవారందరినీ చూస్తూ అన్నాడు: "కాలు వాసినోణ్ణి ఆఖరి కూతకు ఎట్ల పంపిండ్రు? ఇంకొకడు లేడా? తప్పు పోయినోనిది గాదు, పంపినోనిది."

ఇంతసేపూ ఒకరి మాట ఒకరు ఒప్పుకోని ఆ సభలో ఈ తీర్పుకు ఒక్కరూ ఎదురు చెప్పలేదు. అది మడిలో ఆడిన ఆటకు చెల్లింది, బెంగుళూరు ఆటకూ చెల్లింది. ఆటో కుర్రవాడైతే, "రాత్రి నేనన్నది గూడ గదే కాకా!" అని కేసు గెలిచిన వకీలులా చుట్టూ చూశాడు. పిల్లవాడికి ఒక చాయ వచ్చింది. డబ్బులు తాత ఇచ్చాడు. మోకాలు వదిలిపెట్టకుండానే టైటాన్స్ బోనస్ పాయింట్ల సంగతి మళ్ళీ ఎత్తుకున్నాడు.

పెళ్ళి భోజనం బ్రహ్మాండంగా ఉందనేవారు చుట్టాలు. పప్పులో ఉప్పు తగ్గిందని వంటవాడితో తగాదా పడేవారు ఇంటివాళ్ళు. గెలిచిన జట్టును మెచ్చుకొని ఊరుకోవడం మావంటి దారిన పోయేవారి పని. మోత్కూరువారికి అంత తీరిక లేదు. ఆ జట్టు వాళ్ళది. మర్నాడు మళ్ళీ ఆడాలి, ఒక్క పాయింటు తేడా మళ్ళీ కాపాడుతుందన్న నమ్మకం లేదు. ఆ భయం ఎంత నిజమో తరువాత తేలింది. ఆ సీజన్‌లో ఇరవై రెండు ఆటలు ఆడితే టైటాన్స్‌కు దక్కిన గెలుపు అదొక్కటే. పదిహేడు ఓటములు, నాలుగు సమానం. పన్నెండు జట్లలో అందరికన్నా కింద. ఆ తరువాతి రెండు సీజన్లలోనూ రెండేసి గెలుపులే. బోనస్‌లు తెచ్చుకోవాలన్న చాయ హోటలు సలహా అంత తేలిగ్గా తీసిపారేయవలసినది కాదు.

రోజులు మారాయి. 2024 సీజన్‌లో టైటాన్స్ పన్నెండు ఆటలు గెలిచారు. 2025లో ఫైనలుకు ఒక్క మెట్టు కింద దాకా వచ్చి, అక్కడ పుణేరీ పల్టన్ చేతిలో యాభై, నలభై అయిదు తేడాతో ఓడారు. కూతల్లో తెగించలేదని ఆ రాత్రి ఎవరూ అనలేరు. నలభై అయిదు పాయింట్లు తేవడం మాటలు కాదు. మర్నాడు మిత్రుడికి ఫోను చేసి, "ఈసారి మీ హోటలువారు ఏమంటున్నారోయ్?" అని అడిగాను.

"కూతలకు పేరు పెట్ట పనిలేదట. మరి పట్టుకునేటోడు ఏడీ అని పొద్దుగాల ఆరింటి నుంచి కొట్లాడుతున్నరు" అన్నాడు.