పెన్న ఒడ్డున ఒక రొట్టె బాకీ

నేను పుట్టిన నాటికి మా సింగరాయకొండ నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970 ఫిబ్రవరిలో కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలను నెల్లూరు నుండి విడదీసి, గుంటూరు, కర్నూలు జిల్లాల నుండి మరికొన్ని తాలూకాలు తెచ్చి కలిపి ఒంగోలు జిల్లా ఏర్పరచారు. 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. పటంలో గీత మార్చినంత సులువుగా మనుషుల నాలుక మారదు కదా! మా నాయనగారు బతికినన్నాళ్ళూ "జిల్లాకు పోయి వస్తాను" అంటే నెల్లూరికి పోయి వస్తారని మేము అర్థం చేసుకోవలసిందే. కోర్టు పనులైనా, కంటి వైద్యమైనా, పెళ్ళి బట్టలైనా ఆయనకు పెన్న ఒడ్డే దిక్కు. ఒంగోలు దగ్గర, నెల్లూరు దూరం అని ఎవరైనా లెక్క చెబితే వినీవిననట్లు ఉండేవారు.

నాకు నెల్లూరితో ఉన్న బంధం వేరు. ముప్పైమూడేళ్ళు తెలుగు పండితుడిగా పిల్లలకు తిక్కనను చెప్పి పొట్టపోసుకున్నవాణ్ణి. విరాటపర్వం మొదలు స్వర్గారోహణం దాకా పదిహేను పర్వాలు ఒంటిచేత్తో తెనిగించి హరిహరనాథునికి అంకితమిచ్చిన మనిషి తిరిగిన ఊరు అది. హరి వేరు, హరుడు వేరు అని జనం తలలు పగలగొట్టుకుంటున్న పదమూడవ శతాబ్దంలో ఇద్దరినీ ఒక్క దేవుణ్ణి చేసి, ఆ దేవునికి కావ్యం ఇచ్చాడాయన. ఈ మాట తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మొన్న 2025 జూలైలో నెల్లూరికి వెళ్ళింది మాత్రం తిక్కన కోసం కాదు, మా ఆవిడ అప్పు తీర్చడానికి.

2023 చివర ఆమెకు రొమ్ములో గడ్డ ఉన్నదని తేలింది. శస్త్రచికిత్స, దాని తరువాత నెలల తరబడి మందులు. జుట్టు రాలి, నాలుకకు రుచి పోయి, మనిషి సగమైంది. 2024 జూలైలో మా వీధి దర్జీ భార్య రొట్టెల పండుగకు పోతూ "అక్కా, నువ్వూ రా, ఆరోగ్య రొట్టె పట్టుకుందువు" అని పిలిచింది. ఈమె వెళ్ళింది. నేను ఇంట్లోనే ఉన్నాను. వచ్చాక చెప్పింది: "కోరిక తీరితే మళ్ళీ యేడు మనమే రొట్టె చేసుకుపోయి ఇంకొకరికి ఇవ్వాలంట." ఈ యేడు పరీక్షల్లో ఏమీ కనబడలేదన్నారు వైద్యులు. ఇంకా కొన్నేళ్ళు ఆరునెలలకొకసారి చూపించుకుంటూనే ఉండాలి. "నయం చేసింది డాక్టర్లు గదా" అన్నాను ఊరికే. "డాక్టర్లకు ఫీజు కట్టాం. వీళ్ళకే బాకీ ఉన్నాం" అన్నది. ఎన్ని ఛందస్సులు చదివినా ఆ తర్కానికి జవాబు దొరకలేదు.

ఉదయపు ప్యాసింజరు ఎక్కాము. గోధుమ రొట్టెలు నాలుగు, అరటాకులో చుట్టి, పైన తుండుగుడ్డ కట్టి ఒడిలో పెట్టుకున్నది. ఉలవపాడు, కావలి, బిట్రగుంట. ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకోషెడ్డుతో, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ల ఇళ్ళతో కళకళలాడిన ఊరు బిట్రగుంట. చిన్నప్పుడు అక్కడ రైలు ఆగితే వాళ్ళ పిల్లలు ఇంగ్లీషులో పోట్లాడుకోవడం నోరు తెరుచుకొని వినేవాళ్ళం. పడుగుపాడు దాటగానే పెన్న. కన్నడదేశపు నందికొండల్లో పుట్టి ఆరు వందల కిలోమీటర్లకు దగ్గరగా నడిచి వచ్చిన ఏరు. సంస్కృతంలో పినాకిని. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. 1855లో ఆంగ్లేయులు కట్టిన ఆనకట్ట వల్లనే ఈ ఊరి చుట్టూ వరి ఇంతగా పండింది. 2022 సెప్టెంబరులో కొత్త బ్యారేజీలు, ఇక్కడొకటి, ఎగువన సంగం వద్ద మరొకటి, ప్రారంభమయ్యాయి. తమిళంలో 'నెల్' అంటే వరి, 'నెల్లి' అంటే ఉసిరి. ఊరి పేరుకు రెండూ చెబుతారు. ఉసిరిచెట్టు కింద వెలసిన మూలస్థానేశ్వరుని కథ భక్తులకు ఇష్టం, నాకు వరి ఇష్టం.

ముందు రంగనాథుని చూశాం. ఏటి ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి, డెబ్బై అడుగుల గాలిగోపురం, లోపల అద్దాల మండపం. గాలిగోపురం కింద నిలబడితే పేరుకు తగ్గట్టే పెన్న గాలి ఒంటిని తోస్తుంది. మా ఆవిడ అద్దాల మండపంలో ఎక్కువసేపు నిలబడలేదు. ఇన్ని అద్దాల్లో తనను తాను చూసుకోవడం ఆమెకు ఇంకా అలవాటు కాలేదు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

అక్కడ మెట్లమీద కూర్చొని ఖడ్గతిక్కన కథ చెప్పాను. కవి తిక్కనకు దాయాది ఆయన, మనుమసిద్ధి సేనాని. పుల్లరి తగాదాలో కాటమరాజుతో మా పాలేటి ఒడ్డున జరిగిన పోరులో ఓడి ఇంటికి వస్తే, భార్య స్నానానికి మంచం అడ్డుపెట్టి పసుపుముద్ద ఉంచిందట, ఆడవాళ్ళకు చేసినట్లు. రోషం తెచ్చుకొని మళ్ళీ పోయి ప్రాణం విడిచాడు. నలభైయేళ్ళ కాపురంలో ఈ కథ నా నోట వందసార్లు విన్న మనిషి, ఈసారి మాత్రం "ఆ యిల్లాలికి మొగుడు ఇంటికి తిరిగి రావడం చాలలేదా?" అన్నది. వ్యాఖ్యాతలెవరూ వేయని ప్రశ్న.

ఊరు నిండా ఇటువంటి పొరలే. 1786లో ఈ ఊరి దగ్గర ఒక రైతు నాగలికి కుండ తగిలి, అందులో ట్రాజన్, హేడ్రియన్ కాలపు రోమను బంగారు నాణేలు బయటపడ్డాయి. 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారు ఇక్కడ దిగారు. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే కావడంతో, పటంమీద ఒంటరి చుక్కలా ఉన్న ఈ మిషన్‌ను మూసేద్దామని అక్కడి పెద్దలు తర్జనభర్జనలు పడ్డారు. 'ఒంటి నక్షత్రం' అన్న పేరు అట్లా వచ్చిందే. ఆ మిషన్‌కు చెందిన జూయెట్ దొర 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ప్రార్థించాడు. తరువాత వచ్చిన క్లౌ దొర 1876-78 కరవులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత మేర కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించాడు. కరవు తీరాక, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా బడిలో నా పక్క తరగతి చెప్పిన లెక్కల మాస్టారి ముత్తాత ఆ నీళ్ళలో దిగినవాడేనట. ఈ ఊరి చరిత్ర మా ఊళ్ళ చరిత్ర కూడా అయింది ఇట్లాగే.

సాయంత్రానికి స్వర్ణాల చెరువు చేరాం. గట్టున బారాషహీద్ దర్గా. యుద్ధంలో తలలు తెగిన పన్నెండుమంది వీరుల మొండేలను గుర్రాలు గండవరం నుండి ఇక్కడికి మోసుకొచ్చాయని చెబుతారు. ఆర్కాటు నవాబుల కాలంలో ఈ గట్టున నిద్రించిన ఒక చాకలి ఇల్లాలికి ఆ వీరులు కలలో కనబడి, తమ సమాధుల దగ్గరి మట్టిని జబ్బుతో ఉన్న నవాబు భార్య నుదుట రాయమన్నారట. బేగంకు నయమైందట. కథను ముందుకు నడిపింది చాకలి ఇల్లాలు, బతికింది బేగం. ఈ పండుగలో నాకు మొదట నచ్చినది అదే. మొహర్రంతో మొదలై అయిదు రోజులు సాగుతుంది. 2015లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు.

అంత జనాన్ని నేను ఎన్నడూ చూడలేదు. మోకాలి లోతు నీళ్ళలో బొట్టు పెట్టినవాళ్ళూ, బురఖా వేసినవాళ్ళూ కలిసిపోయి, అందరి తలలమీదా కొంగో గుడ్డో. కేకలు: "చదువు రొట్టె! చదువు రొట్టె ఎవరిదమ్మా?" "పెళ్ళి రొట్టె!" "సంతానం!" "ఉద్యోగం!" విదేశాలకు పోవడానికి కూడా ఒక రొట్టె ఉన్నది. వీసా రొట్టె అంటున్నారు. అమ్మేవారు లేరు, కొనేవారు లేరు. పోయిన యేడు అడిగినవాడు ఈ యేడు ఇస్తాడు. మధ్యలో ఎవరూ పుస్తకం రాయరు, ఎవరూ లెక్క అడగరు.

మా ఆవిడ గొంతు పెద్దది కాదు. "ఆరోగ్య రొట్టె" అని ఆమె రెండుసార్లు అన్నదో లేదో, ఇరవైయేళ్ళ ముస్లిం అమ్మాయి ఒకతె నీళ్ళు చిందించుకుంటూ వచ్చింది. కడప నుండి వచ్చిందట. తండ్రికి వారానికి మూడుసార్లు డయాలసిస్. "మీకేమి తగ్గిందమ్మా?" అని అడిగింది. ఇంతవరకు తోబుట్టువులకు కూడా పూర్తిగా చెప్పని మనిషి, ఆ పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. పిల్ల రొట్టె కళ్ళకద్దుకొని, అక్కడే ఒక ముక్క తుంచి నోట్లో వేసుకొని, మిగిలినది కొంగులో మూట కట్టుకున్నది. తక్కిన మూడు రొట్టెలు ఎవరి చేతికి పోయాయో నేను చూడలేదు. ఎందుకంటే అప్పటికి నేను పంచె ఎగగట్టి నీళ్ళలో దిగి, నాలుగడుగుల అవతల ఒక ముసలాయన చేతిలోని రొట్టెకు చెయ్యి చాచి ఉన్నాను. "ఏ రొట్టె తాతా?" అన్నాను, నా వయసు మరిచి. "ఆరోగ్యమే" అన్నాడు. పుచ్చుకున్నాను. ఆమె చూసింది. గట్టెక్కేదాకా ఏమీ అనలేదు. గట్టెక్కాక "పంచె తడిసింది, పిండుకోండి" అన్నది.

దర్గా దారిలోని అంగళ్ళలో ఉదయగిరి చెక్క గరిటెలు అమ్ముతున్నారు. ఉదయగిరి అనగానే పండితులకు 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలిచిన దుర్గం గుర్తుకు వస్తుంది. వంట తెలిసినవాళ్ళకు గరిటెలు గుర్తుకు రావాలి. నర్ది, దేవదారి, బిక్కి వంటి అడవి కర్రతో చేస్తారు. చెంచాలు, ఫోర్కులు, దువ్వెనలు. పని ఎక్కువగా ముస్లిం ఇళ్ళ ఆడవాళ్ళది. ఆకురాయితో రాసి రాసి, కాడ చివర పువ్వు తేల్చి, కొసను పలుచన చేస్తారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మందుల రోజుల్లో స్టీలు చెంచా నోట్లో పెడితే ఆమెకు చిలుము రుచి తగిలేది, కొబ్బరిచిప్ప గరిటెతో జావ తాగించాను. అందుకని చెక్క చెంచాలు నాలుగు కొన్నాను. బేరమాడబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకు లాగింది.

రెండవరోజు ఏరు దాటి కోవూరు పక్కనున్న పాతూరు వెళ్ళాం. పడుగుపాడు మీదుగా మగ్గాల ఊరికి పోవడం నాబోటి వాడికి శ్లేషలా తోచింది. వెంకటగిరి చీర వెలుగోటి రాజుల పోషణలో పేరు పొందింది. ఇక్కడి నేతగాళ్ళదీ నాణ్యమైన పనే. మా బడిలో చదివి, పెళ్ళయ్యాక ఇల్లరికం వచ్చి ఇక్కడే స్థిరపడిన నా శిష్యుడొకడు ఉన్నాడు. పదవ తరగతిలో గణవిభజన వాడంత వేగంగా చేసినవాడు లేడు. వేళ్ళు కదులుతుండగానే ఉత్పలమాల అని చెప్పేవాడు. ఎట్లారా అంటే "మా నాయన పోగులు లెక్కపెట్టడం నేర్పినాడు సార్" అనేవాడు.

గుంట మగ్గంమీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. జాంధానీ పని. నాడెతో పేక ఒకసారి అటునుంచి ఇటు వేసి, బుటా వచ్చే చోట పడుగు పోగులు వేలితో ఎత్తి చిన్న కండెతో రంగు నూలు దూర్చాలి. ఒక్కొక్క బుటాకు ఒక్కొక్క కండె. రెండు ఎత్తు, ఒకటి వదులు, మళ్ళీ రెండు ఎత్తు. గురువు, లఘువు, గురువు. వాడి పెదవులు కదులుతున్నాయి. చీర తిరగేసి చూపించాడు, వెనకవైపు తేలిన పోగు ఒక్కటి లేదు. గుంటలో నేల తేమ నూలును తెగనివ్వదు. అదే గుంటలో వానకాలం నీరు ఊరితే రోజుల తరబడి పని నిలిచిపోతుంది.

"ఈ పడుగు అయిపోయినాక తీసేస్తుండా సార్" అన్నాడు, చెయ్యి ఆపకుండా.

"ఏమిటి తీసేది?"

"మగ్గమే. ఇట్టాంటి బుటానే పవర్‌లూమ్‌లో కొట్టి సగం ధరకు ఇస్తుండారు. షావుకారు ఇచ్చే మజూరీ పెరగలా. పిల్లోడు శ్రీసిటీలో ఫోన్ల కంపెనీలో చేరినాడు. నాన్నా, నువ్వూ వాచ్‌మనుగా వచ్చేయ్ అంటుండాడు. నడుమూ పట్టేసింది."

పండితుడు ఇటువంటప్పుడు చెప్పదగిన మాట ఏదీ నాకు తెలియదు. కళను కాపాడాలి అని నెలనెలా పింఛను వచ్చే మనిషి, గుంటలో కాళ్ళు పెట్టుకున్న మనిషితో అనడం సభ్యత కాదు. వాడి భార్య రాట్నం దగ్గర కండెలు చుడుతూ మావైపు చూడనే లేదు.

మా ఆవిడ మగ్గం పక్కన చతికిలబడి, "ఇంకా ఎన్ని చీరలుంది నాయనా దీనిమీద?" అని అడిగింది.

"రెండమ్మా."

"కడపటిది నాకియ్యి. కొంగున మామిడి పిందెలు వెయ్యి, వరసగా."

"మామిడి పిందెలంటే ఇంకో మూడు రోజులు పడతాదమ్మా. షావుకారుని కూడా అడగాల."

"పట్టనీ. అడుగు."

రెండేళ్ళయింది ఆమె తనకోసం చీర అడిగి. ఆకుపచ్చ నేత, ఎర్ర అంచు. శ్రావణానికి అందుతుందన్నాడు. నేను జేబులో చెయ్యి పెట్టి ముందుగా కొంత ఇవ్వబోతే తీసుకోలేదు. "చీర కోసినాక ఇద్దురుగాని సార్" అని, తెగిన పోగొకటి వెతికి పట్టుకొని ముడి వేయసాగాడు.