బంటి పద్దు

మా ఇంటికి ఊరికే వచ్చినవాటిలో నాతో ఎక్కువ లెక్కలు వేయించింది బంటి. తొమ్మిదేళ్ల లాబ్రడార్. ఎల్లారెడ్డిలో నేను పనిచేసే బడికి దగ్గరి ఇంటి పెద్దాయన పెంచిన కుక్క. కొడుకు హైదరాబాద్ ఫ్లాట్‌కు రమ్మనడంతో, "నువ్వయితే మంచిగ చూసుకుంటవు సారూ, తోల్కపో" అన్నాడు. "జర టైమియ్యి కాకా" అని కామారెడ్డి బస్సెక్కాను. ఇంటి లోను నడుస్తోంది, అమ్మాయి ఇంటర్‌లో ఉంది. మనసు సరేనన్నా పాస్‌బుక్కును కూడా అడగాలి కదా.

అమ్మ మాత్రం సూటిగా అడిగింది: "గొడ్డు ముసల్దయితే అంగట్లనన్న పోతది. కుక్కనెవలు కొంటరు?" ఎవరూ కొనరు, నిజమే. కుక్కను ఎలాగూ ఖర్చు పద్దులోనే రాయాలి. ఆ ఖర్చు ఎన్నేళ్లు, ఎప్పుడెప్పుడు పడుతుందన్నదే నాకు తేలాలి.

లాబ్రడార్ సాధారణంగా పది పన్నెండేళ్లు బతుకుతుంది. అంటే బంటితో మాకు ఏడాది నుంచి మూడేళ్లు, అదృష్టం ఉంటే ఇంకొంచెం. మొత్తం కూడితే కుక్కపిల్ల కన్నా ఇదే చౌక. పిల్లను కొనే ధర, వరుస టీకాలు, పార్వో జబ్బు భయం, కొరికేసిన చెప్పులు ఇక్కడ లేవు. తిండికి అన్నం, గుడ్డు, చికెన్ సెంటర్ నుంచి కోడికాళ్లు కలిపి నెలకు రెండు వేల లోపే. రేబిస్ టీకాను జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగానే వేస్తారు. ఇక్కడి దాకా జీతంలో సర్దుకోవచ్చు.

సర్దుకోనిది వైద్యం. అందుకే ఔనో కాదో చెప్పేముందు కాకాను అడిగి బంటిని కామారెడ్డిలో డాక్టర్‌కు చూపించాం. ఆయన పై పెదవి ఎత్తి చూపించాడు. దవడ పళ్ల మొదట్లో గోధుమరంగు గార గట్టిపడి ఉంది, చిగురు ఎర్రగా వాచింది. తర్వాత వెనక కాలును మెల్లగా వెనక్కి చాపాడు. బంటి అరవలేదు గానీ తల తిప్పి డాక్టర్ చేతిని ముట్టెతో పక్కకు నెట్టింది. పళ్లు శుభ్రం చేయాలంటే మత్తివ్వాలి, మత్తివ్వాలంటే ముందు కిడ్నీలకు రక్తపరీక్ష. తుంటికి ఎక్స్‌రే, నొప్పులకు మందులు. మన ఇంట్లో మోకాళ్ల నొప్పికి మింగే ఐబుప్రొఫెన్ కుక్కలకు విషమట, దాని మందు దానికి విడిగా కొనాల్సిందే. పెద్ద చికిత్సయితే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకో, హైదరాబాద్‌లో ప్రైవేటు క్లినిక్‌కో పోవాలి. వంద కిలోమీటర్లు దాటిన దారి, కుక్కతో బస్సులో పోలేం. ఒక్కోసారి డాక్టర్ ఫీజు కన్నా కారు కిరాయే ఎక్కువ. చిన్న ఊళ్లవాళ్లు ఈ కిరాయి పద్దును మర్చిపోకూడదు.

బీమా ఉందా అని వెతికాను. కుక్కలకు పాలసీలు ఉన్నాయి గానీ, నేను చూసిన వాటిలో ఏడెనిమిదేళ్లు దాటితే కొత్తగా చేర్చుకోరు. కాబట్టి బీమా కూడా మనమే. పోస్టాఫీసు ఆర్‌డీ అనుకుంటే అది అయిదేళ్లది. మూడేళ్లు నిండనిదే ముందుగా మూయనివ్వరు, మూసినా వడ్డీ సేవింగ్స్ ఖాతా రేటే. బంటి వయసుకు ఆ గడువు పొసగదు. బ్యాంకులో ఏడాది ఆర్‌డీ తెరిచి, నెలకు రెండు వేలు వేద్దామనుకున్నాం. ఆర్‌డీ పెరిగేలోగా ఆపద వస్తే మా ఆవిడ పేరు మీదున్న యాభై వేల చిట్టీ ఎత్తుకోవాలి.

కాదంటే బంటి ఏమవుతుందో కూడా చూసుకోవాలిగా. పెంచిన జంతువును ఆకలిదప్పులకు వదిలేస్తే నేరమని 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం చెబుతుంది. మొదటిసారి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ప్లేటు బిర్యానీకి కూడా చాలదు. 2026 జనవరిలో మా జిల్లాలోనే, కొన్ని ఊళ్లలో వీధికుక్కలను విషపు సూదులతో చంపారని ఫిర్యాదు అందితే పోలీసులు కేసు పెట్టారు. మెడకు పట్టీ ఉన్న కుక్కయినా వీధిన పడితే వీధికుక్కే.

తెమ్మని చెప్పింది చివరికి మా ఆవిడే. కానీ ఒక గీత గీసింది. నొప్పి తగ్గించే మందులకు లెక్క చూడొద్దు. ఆయుష్షు పొడిగించే ఆపరేషన్‌కు మాత్రం ఇరవై అయిదు వేలు దాటొద్దు, అమ్మాయి ఫీజు డబ్బు ముట్టొద్దు. "గప్పుడు ఏడుస్త ఉంటం, లెక్క తోచది. గిప్పుడే రాసిపెట్టుకుందాం" అంది. డైరీలో రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. ఇంట్లో ఇదేం చోద్యమని అమ్మ నవ్వింది. నాకైతే ఇంటి లోను కాగితం కన్నా ఇదే తెలివైన ఒప్పందంగా కనిపిస్తుంది.

అప్పగించేరోజు కాకా జేబులోంచి డబ్బు తీసి, "నెలకు వెయ్యి పంపుత, కాదనకు" అన్నాడు. ఇట్లాంటిచోట మొహమాటం బాగా ఖరీదైంది. మా వాళ్లు చాలామంది ఛీ ఛీ, వద్దంటారు, ఆనక లోపల గొణుక్కుంటారు. నేను సరే అన్నాను. ఒకటో తారీఖున ఫోన్‌పేలో పడుతోంది, ఆర్‌డీకి నేను వేసేది వెయ్యే ఇప్పుడు.