పల్చని రేకు, రెండు బీడ్లు

కొత్తూరు అప్పటికి మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంది. 2016లో రంగారెడ్డిలో కలిసింది. దేవరకొండ నుంచి వచ్చిన నేను షాద్‌నగర్‌లో అద్దెకుండి కొత్తూరు ప్రెస్ షాపులో పనిచేసేవాణ్ని. కారు బ్యాటరీని మోసే ట్రే మా సరుకు. రెండు మిల్లీమీటర్ల రేకుతో ఏళ్లుగా నడుస్తున్న ముక్క. ధర తగ్గించమని కార్ల కంపెనీ ఒత్తిడి చేస్తే మావాళ్లు రేకును 1.6కు దించారు. ఇనుము ఐదో వంతు మిగులు. ఆకారం జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

నమూనాలు చెన్నై ల్యాబ్‌కు వెళ్లాయి. అక్కడ బ్యాటరీ బిగించి, వైబ్రేషన్ టేబుల్ మీద గంటల తరబడి ఊపుతారు. గుంతల రోడ్డు ఏళ్లకేళ్లు పెట్టే బాధంతా కొద్దిరోజుల్లో పెట్టేస్తారు. మా ట్రే పగిలి తిరిగొచ్చింది. బోల్టు రంధ్రం అంచున మొదలై వంపు మూల దాకా సన్నటి చీలిక. దాని పొడుగునా పెయింటు రాలిపోయింది. గోరు ఆనిస్తే తగులుతోంది.

ముందు అనుమానం వెల్డింగ్ కుర్రాళ్ల మీదికి పోయింది. ఎప్పుడూ అంతే! లెక్క వేస్తే వేరే సంగతి తేలింది. చదును రేకు గట్టితనం మందం ఘనాన్ని బట్టి మారుతుంది. మందం ఐదో వంతు తగ్గితే గట్టితనం సగానికి పడుతుంది. దాంతో ట్రే తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ ముప్పై శాతం దాకా దిగింది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 800 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 27 సార్లు కుదుపుతుంది. మా ట్రే సరిగ్గా ఆ దరిదాపులకే వచ్చి కూర్చుంది. అంటే కారు సిగ్నల్ దగ్గర ఆగినా దానికి విశ్రాంతి లేదు.

పాత మందానికే పోదామన్నారు కొందరు. టూల్‌రూమ్‌లో వనపర్తి వైపు పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ట్రేని రెండు చేతులా పట్టి మెలితిప్పి చూసి, "సారూ, ఇంటి మీది జింకు రేకు ఎంత పల్చగుంటది? మడతలు లేకుంటె నిలుస్తదా?" అన్నాడు. మేం కాలేజీలో సెమిస్టరంతా చదివిన పాఠం అది.

ట్రే అడుగున పొడుగ్గా రెండు బీడ్లు, అంటే ఉబ్బెత్తు గాళ్లు, కొట్టాం. అంచులు కిందికి మడిచాం. రంధ్రాన్ని వంపుకు దూరం జరిపి, మూల గుండ్రం పెంచాం. మొదట్లో బీడ్ చివర రేకు చిరిగింది. పెద్దాయన డై అంచును రాయితో అరగదీసి దారికి తెచ్చాడు. అదే 1.6 రేకు పరీక్షలో నిలిచింది. డై ఖర్చు పోనూ ఆదా మిగిలింది.

పాత డ్రాయింగ్ నంబరు మీదే పంపేద్దాం, కొత్తదంటే మళ్లీ అనుమతులని పర్చేజ్ వాళ్లు గొడవ చేశారు. క్వాలిటీ మేడం ససేమిరా అంది. రివిజన్ మార్చాకే సంతకం పెట్టింది. అది చాదస్తమని అప్పట్లో చాలామంది విసుక్కున్నారు.

నంబరు మార్చకపోతే ఏమవుతుందో జనరల్ మోటార్స్ కథ చెబుతుంది. 2014లో ఆ కంపెనీ దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. వాటి ఇగ్నిషన్ స్విచ్‌కు ఉండాల్సినంత బిగువు లేదని తెలిసీ తయారీకి ఒప్పుకున్నారు. తాళంచెవి జారితే నడిచే కారులో ఇంజిన్ ఆగేది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. తర్వాత స్విచ్ లోపలి ముక్క మార్చారు గానీ పార్ట్ నంబరు మార్చలేదు. దాంతో కొన్నేళ్లు లోపం ఎక్కడుందో అంతుపట్టలేదు. ఆ స్విచ్ వల్ల పోయిన ప్రాణాలు 124 అని పరిహార నిధి తేల్చింది.