పిడికెడు బియ్యం

మా వంటింట్లో బియ్యం డబ్బా పక్కనే ఇంకో చిన్న డబ్బా ఉంటుంది. ఎప్పటిదో పాలపొడి డబ్బా. మూతకి సొట్ట. మా అత్తగారు దాన్ని 'దేవుని డబ్బా' అంటారు. అన్నానికి బియ్యం తీసినప్పుడల్లా అందులోంచి ఒక పిడికెడు ఆ డబ్బాలో వేయాలి. నెలాఖరు ఆదివారం ఆ బియ్యం గుడికి వెళతాయి. అక్కణ్ణుంచి ఎవరి పొయ్యి చల్లబడి ఉంటే వాళ్ళింటికి.

కాపురానికొచ్చిన కొత్తలో నేను తెలివైనదాన్ననుకునేదాన్ని. బి.ఏ. చదివానాయె! "ఈ శ్రమంతా ఎందుకత్తమ్మా, నెలకో వంద రూపాయలు కవర్లో పెట్టి వేస్తే పోదా?" అన్నాను.

"పైసలు నా కొడుకువి. పిడికిలి నీది" అన్నారావిడ.

అత్తగారిది మెదక్ దగ్గర పల్లె. మెదక్ పెద్ద గుడి మీలో చాలామంది చూసే ఉంటారు. పాస్నెట్ దొరగారు 1914లో మొదలుపెట్టి పదేళ్ళు కట్టించారు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో జనానికి పని చూపించి, ఆ పనికి ఇంత తిండి పెడుతూ లేపిన గోడలవి. అత్తగారి తాత అక్కడ రాళ్ళు మోశాడట. "మా తాతకు గుడికంటె ముందుగాల గంజి కనవడ్డది" అంటూంటారు. విన్నప్పుడల్లా నవ్వేసి ఊరుకునేదాన్ని. ఆ మాట నాకు అర్థం కావటానికి నా ఇంట్లోకీ కరువు రావలసివచ్చింది.

2020 మార్చి 22, ఆదివారం. జనతా కర్ఫ్యూ ఒక్కరోజే కదా అనుకున్నాం. మర్నాటికి రాష్ట్రం, 25కల్లా దేశమంతా మూతపడింది. ఎప్పుడూ బస్సులతో, ఆటోలతో కిక్కిరిసి ఉండే ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు మాత్రం మిగిలాయి. మావారు పనిచేసేది నాచారం పారిశ్రామికవాడలో ఓ చిన్న కంపెనీలో. మార్చి జీతం సగమే వచ్చింది. ఏప్రిల్‌ది రానేలేదు.

రేషన్ కార్డున్నవాళ్ళకి ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చింది. మాకు కార్డు లేదు. గుమ్మంలో స్కూటరు, హాల్లో ఫ్రిజ్జు, గోడమీద నా నవలకి వచ్చిన జ్ఞాపిక! ఇన్ని పెట్టుకుని ఎవరి ముందు చేయి చాచను, చెప్పండి?

గుడి తలుపులూ మూశారు. ఏప్రిల్ 12న ఈస్టరు ఆరాధన ఫోన్‌ని చెంబుకి ఆనించి చూశాం. కరువులో ఏలీయాకి రొట్టె చేసిపెట్టిన సారెపతు విధవరాలి ఇంట్లో పిండి తరగలేదని బైబిల్లో ఉంది కదా. మీరు నవ్వనంటే చెబుతాను, నేనూ రోజూ ఆశగా మా డబ్బా మూత తీసి చూసేదాన్ని. మాది మాత్రం రోజూ తరిగింది.

నెలాఖరున ఒక సాయంత్రం డబ్బా అడుగు కనిపించింది. పక్క డబ్బాలో ఎన్నో వారాల పిడికిళ్ళున్నాయి. అత్తగారు ప్రార్థనలో ఉన్నారు. దొంగలా రెండు గ్లాసులు తీసి, కడిగి, పొయ్యి మీద పెట్టేశాను. దేవుడి సొమ్ము తిన్నవాళ్ళని నా నవలల్లో ఎంత కఠినంగా శిక్షించానో! పాత్రలని శిక్షించడం తేలికే.

రాత్రి ముద్ద గొంతు దిగలేదు. చెప్పేశాను.

"దావీదుకు ఆకలైతే యాజకుడు దేవుని రొట్టె ఇయ్యలేదా?" అన్నారు అత్తగారు. "తిన్నందుకు గాదు బిడ్డా. డబ్బా అడుగంటిందని నాతోని చెప్పనందుకు నాకు కోపం."

మర్నాడు వంటకి ఆవిడే దేవుని డబ్బాలోంచి బియ్యం తీశారు. తీసిన బియ్యంలోంచి ఒక పిడికెడు మళ్ళీ దేవుని డబ్బాలోనే వేశారు! నాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వారు. ఆ నెలంతటికీ మా ఇంట్లో వినిపించిన నవ్వు అదొక్కటే.

నాలుగోరోజు పాస్టరమ్మగారు ముక్కుకి గుడ్డ కట్టుకుని స్కూటీ మీద వచ్చారు. గుమ్మంలో ఓ సంచి పెట్టి, దూరంగా నిలబడి ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. అత్తగారు ఫోన్ చేసి అడిగారన్నమాట! నాకు తల కొట్టేసినట్టయింది.

"అడగడానికి సిగ్గనిపించలేదా అత్తమ్మా?"

"యాభై ఏండ్లు ఏసిన గదా. తీసుకునుడు నేర్వకపోతే ఇచ్చుడు గర్వమైతది బిడ్డా."

సంచి విప్పాను. సన్నవీ దొడ్డువీ, పాతవీ కొత్తవీ, రేషన్ బియ్యమూ సోనా మసూరీ అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఒక్కింటి బియ్యం కావవి. ఎన్ని వంటిళ్ళలో, ఎందరు ఆడవాళ్ళ పిడికిళ్ళో! వాళ్ళ డబ్బాలు మాత్రం నిండుగా ఉన్నాయా ఏమిటి? అన్నం సగం మెత్తబడింది, సగం పలుకు తేలింది. అంత వంకర అన్నాన్ని నేనెప్పుడూ అంత కృతజ్ఞతతో తినలేదు. దేవుడు నమ్మదగినవాడని చిన్నప్పట్నుంచీ వింటున్నాను. ఆ నమ్మకం ఎలా నడిచి వస్తుందో ఆవేళ చూశాను.

ఇక్కడితో కథ సుఖాంతమని రాస్తే బాగుండును. కానీ మావారికి ఆ ఉద్యోగం మళ్ళీ రాలేదు. తక్కువ జీతానికి వేరేచోట కుదురుకున్నారు. 2021 మేలో, రెండో విడతలో, మా మరిది పోయాడు. ఆ తల్లి ఎంత ప్రార్థించిందో నేను చూశాను. తరవాత మూడు వారాలు ఆవిడ పాట పాడలేదు, బైబిలు తెరవలేదు. కానీ బియ్యం తీసినప్పుడల్లా పిడికెడు మాత్రం ఆ డబ్బాలో పడుతూనే ఉంది. ఉండబట్టలేక అడిగాను.

"ఆయన మీద అలిగిన. ఆయన పిల్లల మీద అలగలే" అన్నారు. కాసేపటికి మళ్ళీ అన్నారు: "కోపమొస్తె ఇంట్ల వండుడు మానుతమా బిడ్డా?"

నాలుగో వారం పాట తనంతట తానే వచ్చింది. సన్నగా, సగంలో తెగుతూ.

ఇప్పుడావిడ వేళ్ళు ముడుచుకోవు, కీళ్ళవాతం. పిడికిలి నాది. పడుకున్నచోటినుంచే డబ్బాలో బియ్యం పడే చప్పుడు వింటారు. మొన్న హడావిడిలో మరిచిపోయి కుక్కరు ఎక్కించేశాను. లోపల్నుంచి గొంతు వినిపించింది:

"బిడ్డా, ఇయ్యాల చప్పుడు రాలే?"