జనం ఎక్కని రైలుకు తగ్గింపు

2020 సెప్టెంబర్ 7న హైదరాబాద్‌లో మియాపూర్–ఎల్బీ నగర్ మెట్రో మళ్లీ కదిలింది, కరోనా వల్ల అయిదు నెలలకు పైగా ఆగిపోయాక. కిటికీ తెరుచుకోని ఏసీ పెట్టెలో పక్కమనిషి దగ్గితే గుండె గుభేలుమనే రోజులవి. అక్టోబర్‌లో సువర్ణ ఆఫర్ అని టికెట్ మీద 40 శాతం తగ్గించారు. మంచి ప్రయత్నమే. కానీ హైటెక్ సిటీ ఉద్యోగాలు ఇళ్లనుంచే నడుస్తున్నాయి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు తాళాలు. పోవాల్సిన చోటే లేనప్పుడు టికెట్ ఎంతైతే ఏంటి?

2022లో వచ్చిన 59 రూపాయల సూపర్ సేవర్ మెట్రో కార్డు నాకు అందుకే బాగా నచ్చింది. ముందే ప్రకటించిన వంద సెలవు రోజుల్లో రోజంతా ఎన్నిసార్లయినా తిరగనిచ్చేవాళ్లు. ఆఫీసుల్లేక బోగీలు వెలవెలబోయే రోజున పిల్లల్ని వెంటేసుకుని బయల్దేరడానికి ఒక కారణం దొరికింది. నిజంగా జనం గురించి ఆలోచించినవాళ్లు చేసిన పని అది.

ఇంకొకటి మిగిలింది. ఎల్బీ నగర్‌లో దిగి హయత్‌నగర్ పోయేవాళ్లు మళ్లీ ఆటోనో బస్సో ఎక్కాలి. వాళ్ల లెక్కలో ఆ ఖర్చు కూడా మెట్రో ఖర్చే. ఈసారి ఆఫర్ పెడితే దయచేసి ఆ ఆటో కిరాయి నుంచి మొదలుపెట్టండి.